వాణిజ్యచిహ్నములు – నాయకలక్షణములు

ఇట్టి సంచికలలో సామాన్యముగా శతకకవులను గుఱించియు, త్యాగరాజస్వామి కృతులను గుఱించియు, మన పూర్వులు దక్షిణమునకు తరలివచ్చిన కథను గుఱించియు వ్యాసములుండుట ఆచారము. ఈ యేడు మేము అంగడివీథికి సంబంధించిన యొక విషయమును విమర్శకు తీసికొనుచున్నాము. ఇది సాహిత్యమునకు దూరమని కొందఱు తలంపవచ్చును. చదువగా చదువగా ఇది మన అలంకారశాస్త్రమునకు మిక్కిలి దగ్గఱ చుట్టమని మాకు తోచినది. అదియు గాక, కోవిల్పట్టిలోను విరుదునగరములోను మన యిండ్ల పిల్లలు కొందఱు ఇంజనీరింగు చదువు ముగించి, ఉద్యోగములకు పోక, స్టార్టప్ అని పిలువబడు కొత్త సంస్థలను పెట్టుచున్నారు. పెద్దలు పొలము కుదువబెట్టి యిచ్చిన పెట్టుబడిలో కొంతభాగము ఈ విషయముపైననే ఖర్చగుచున్నది. కావున దీనిని విచారించుట వ్యర్థము కాదు.

విషయమేమనగా, ఒక సంస్థ తన సరకునకు పేరు పెట్టుకొనుటకు ముందు, తాను ఎట్టి మనిషియో నిర్ణయించుకొనవలెనట. తాను వీరుడా, జ్ఞానియా, విదూషకుడా, పోషకుడా, ప్రభువా? ఇందులకు పండ్రెండు మూలరూపములుగల పట్టిక యొకటి కలదు. ఆంగ్లమున వీనిని ఆర్కిటైపులందురు. అమాయకుడు, అన్వేషకుడు, జ్ఞాని, వీరుడు, తిరుగుబాటుదారు, మాంత్రికుడు, సామాన్యుడు, ప్రేమికుడు, విదూషకుడు, పోషకుడు, స్రష్ట, ప్రభువు – ఇవి యా పండ్రెండు. వీనిలో నొకదానిని ఎంచుకొన్న పిమ్మట, దానికి తగినట్లు పేరు, రంగు, అక్షరముల తీరు, ప్రకటనల మాట అన్నియు కుదుర్చుకొనవలెను. అట్లు చేసినచో కొనువాని మనస్సు తనకు తెలియకయే ఆ సరకువైపు మొగ్గునని సిద్ధాంతము.

ఈ పద్ధతికి ఆకరమైన గ్రంథము 2001లో అమెరికాలో వెలువడిన ‘ది హీరో అండ్ ది ఔట్‌లా’. మార్గరెట్ మార్క్, కేరల్ పియర్సన్ అను నిద్దఱు విదుషీమణులు దీని రచయిత్రులు. స్విట్జర్లండు దేశీయుడగు మనస్తత్త్వవేత్త కార్ల్ యూంగ్ (1875–1961) చెప్పిన సమష్టి అవ్యక్తచిత్తమే వారికి ఆధారము. మానవజాతి కంతటికిని కలలలోను, పురాణములలోను, కథలలోను కొన్ని రూపములు మరల మరల కనబడునని యూంగు పండితుని మతము. అయితే ఆయన వానిని పండ్రెండని లెక్కగట్టలేదు. జీవితమున ఎన్ని పరిస్థితులు మరల మరల వచ్చునో అన్ని మూలరూపములు కలవని ఆయన అభిప్రాయము.

పండ్రెండను లెక్క కేరల్ పియర్సన్ గారిది. ఆ లెక్క పెరిగిన తీరు గమనింపదగినది. 1986లో ఆమె వ్రాసిన ‘ది హీరో వితిన్’ అను గ్రంథమున ఆఱు రూపములే యున్నవి. 1991లో ‘అవేకెనింగ్ ది హీరోస్ వితిన్’ అను గ్రంథమున అవి పండ్రెండయినవి. ఈ రెండును అంగడికొఱకు వ్రాసినవి గావు. మనిషి తన జీవితయాత్రలో ఏ యే దశలను గడచుచు పక్వమగునో తెలుపుటకు వ్రాసినవి. ఒకే మనిషి ఒకప్పుడు అమాయకుడు, ఒకప్పుడు అనాథ, ఒకప్పుడు యోధుడు, ఒకప్పుడు జ్ఞాని. పది సంవత్సరములకు అంగడి గ్రంథము వెలువడునప్పటికి ఆ పట్టికలో కొన్ని పేర్లు మాఱినవి. వినాశకుడు తిరుగుబాటుదారయ్యెను. మూర్ఖుడు విదూషకుడయ్యెను. అనాథ యుండవలసిన చోట సామాన్యుడు వచ్చి కూర్చుండెను. అనాథను చూచి ఎవరును సరకు కొనరు గదా!

పేర్లు మాఱుటకంటె పెద్ద మార్పు మఱియొకటి జరిగినది. మొదటి గ్రంథములలో ఆ రూపములు బాటలోని మజిలీలు. కడపటి గ్రంథమున అవి గుంజలు. సంస్థ ఒక గుంజను ఎంచుకొని దానికి తన్ను కట్టుకొనవలెను. మనిషి యెదుగుటకు చెప్పిన శాస్త్రము మనిషి కాని దానిని ఒకచోట నిలుపుటకు వినియోగింపబడినది. ఈ సిద్ధాంతముపై మాకు గల మొదటి ఆక్షేపము ఇదియే.

గ్రంథమున మెచ్చుకొనదగినది లేదని మా యుద్దేశము కాదు. ఒక సంస్థ ఈనా డొక వేషము, రేపొక వేషము వేయరాదనుట మంచి మాట. జనులు సరకును లెక్కలచేత గాక కథచేత జ్ఞాపకముంచుకొందురనుటయు నిజమే. నైకీ అను పాదరక్షల సంస్థ గ్రీకుల విజయదేవత పేరు పెట్టుకొని వీరుని రూపమునే పట్టుకొని యుండుట, హార్లీ డేవిడ్సన్ అను మోటారుసైకిళ్ల సంస్థ తిరుగుబాటుదారు రూపమున ప్రసిద్ధి కెక్కుట మొదలగు ఉదాహరణములు సరిగానే యున్నవి. కాని ఆ సంస్థలు పట్టికను చూచి అట్లయినవి కావు. హార్లీ డేవిడ్సన్ 1903లో ఆరంభమైనది. పట్టిక దాదాపు నూఱేండ్ల తరువాత వచ్చినది. చెట్టు పెరిగిన పిమ్మట దాని నీడను కొలిచి, ఈ కొలతతో చెట్లను పెంపవచ్చునని చెప్పుట యెట్టిదో అట్లున్నది.

ఇక మన శాస్త్రమువైపు చూతము. నాయకులను తరగతులుగా విభజించుట మనకు క్రొత్త కాదు. భరతముని నాట్యశాస్త్రమునందే ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరోదాత్తుడు, ధీరప్రశాంతుడు అను నలుగురు కలరు. ఈ నాలుగు పేర్లలోను ముందున్న పదమొక్కటే యనుట చదువరులు గమనింపవలెను. ఉద్ధతుడైనను, లలితుడైనను ముందు ధీరుడు కావలెను. ధీరుడనగా చలింపనివాడు. స్వభావము నాలుగు విధములు, స్థైర్యము మాత్రము ఒకటే విధము. అమెరికా పట్టికలో ఈ మొదటిపదమే లోపించినది. అందు వీరుడు కలడు, ప్రభువు కలడు, మాంత్రికుడు కలడు. వారిలో ఇచ్చిన మాట తప్పనివాడెవడో పట్టిక చెప్పదు.

మఱియొక విశేషము. భరతుడు దేవతలను ఉద్ధతులుగను, రాజులను లలితులుగను, మంత్రిసేనాపతులను ఉదాత్తులుగను చెప్పి, బ్రాహ్మణులను, వణిజులను ధీరప్రశాంతులలో చేర్చెను. వర్తకుని సహజగుణము ప్రశాంతత యని ఆ కాలమువారు భావించిరన్నమాట. తూకము సరిగా తూచువాడు కేకలు వేయనక్కఱలేదు. మా బాల్యమున మేమెఱిగిన ధాన్యపుకొట్లవారు పలువురు ఈ లక్షణమునకు సరిపోవువారే. పండ్రెండు గళ్లలో అట్టివాని నెచ్చట కూర్చుండబెట్టుదుమో తెలియదు. సామాన్యుని గడి దగ్గఱగా నున్నది గాని, సామాన్యుడును ప్రశాంతుడును ఒకటి కాదు.

నాయకలక్షణమును ఒక వ్యక్తి కీర్తికొఱకు వినియోగించిన తెలుగుదేశపు ఉదాహరణమును గూడ చెప్పవలెను. ఓరుగంటి కాకతీయ ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ‘ప్రతాపరుద్రయశోభూషణము’ అను అలంకారగ్రంథమును సంస్కృతమున రచించెను. నాయకప్రకరణముతో మొదలిడి, కావ్యము, నాటకము, రసము, దోషము, గుణము, అలంకారములు అన్నిటికిని లక్షణము చెప్పి, ప్రతిదానికిని లక్ష్యముగా ఆ రాజునే స్తుతించెను. నాటకలక్షణము చెప్పుటకు రాజును నాయకునిగా జేసి ఒక నాటకమునే వ్రాసి మధ్య నిలిపెను. శాస్త్రమంతయు ఒకే పోషకునికి ఆభరణము చేయుట యనగా ఇదియే. నేటి ప్రకటనకారులు విద్యానాథుని తమ కులగురువుగా పూజింపవచ్చును. పిమ్మట మల్లినాథసూరి కుమారుడగు కుమారస్వామి దీనికి వ్రాసిన వ్యాఖ్య పేరు ‘రత్నాపణము’, అనగా రత్నముల అంగడి. 1323లో ఓరుగల్లు డిల్లీసేనల చేత బడెను. రాజు బందీయై కొనిపోబడుచు నర్మదాతీరమున మరణించెను. గ్రంథము మాత్రము నేటికిని అలంకారశాస్త్రవిద్యార్థులకు పాఠ్యము. కీర్తిభూషణము రాజ్యమును కాపాడలేదు. కోటగోడ బలము కోటగోడదే.

శాస్త్రచర్చ ఇంతటితో చాలించి మా ప్రాంతపు సరకులచే ఈ సిద్ధాంతమును పరీక్షింతము. కరిసల్ అని తమిళమున పిలుచు ఈ నల్లరేగడి సీమలో వానలు తక్కువ. అందువలననే వ్యవసాయముతో పాటు చేతిపనులును, వర్తకమును పెరిగినవి. మొట్టమొదట అగ్గిపెట్టెలు. 1922లో శివకాశి నుండి అయ్యనాడారు, షణ్ముగనాడారు అను నిద్దఱు కలకత్తా పోయి ఆ పని నేర్చుకొని వచ్చిన చరిత్ర సుప్రసిద్ధము. శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి, కళుగుమలై – ఈ ఊళ్లలో ఆ పని పెరిగి, ఇచ్చటి పెట్టెలు దేశమంతట పోవుచున్నవి.

మూలరూపసిద్ధాంతమునకు అగ్గిపెట్టె కంటె అనుకూలమగు సరకు మఱియొకటి లేదు. ఏ పెట్టె తెఱచినను లోపలి పుల్ల ఒకటే. భేదమంతయు పైన అతికించు చీటీలో నున్నది. కొనువారిలో చదువురానివారు పెక్కుమంది. చదువు వచ్చినవారికిని ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క లిపి. కావున చీటీపై బొమ్మయే పేరు. దేవత, పులి, కోడి, నెమలి, తామరపూవు, గడియారము, చిఱుతపులితో పెనుగులాడు మనిషి – ఈ కడపటిది ‘చీతా ఫైట్’ అను గుర్తు, చూడని వారుండరు. కోడి గుర్తనిన శివకాశి కాళీశ్వరివారి బాణసంచాయని చిన్నపిల్లలకును తెలియును. ఈ చీటీలను కూర్చువారు ఏ మనస్తత్త్వగ్రంథమును చదివినవారు కారు. దూరపు కొట్టులో చిల్లరకొట్టువాడు బొమ్మను చూచి వెంటనే గుర్తుపట్టవలెను, ప్రక్కపెట్టెతో పొరపాటు పడరాదు – ఇదియే వారి శాస్త్రము.

అయినను చిఱుతతో పోరాడువాడు వీరుడే గదా, పండ్రెండింటిలో నాలుగవవాడు. ఆ వీరుడు తన పెట్టెకు ఒక పైసా అధికము తేగలిగెనా? 2007లో అర్ధరూపాయి నుండి రూపాయికి పెరిగిన అగ్గిపెట్టె ధర పదునాలుగేండ్లు కదలలేదు. భాస్వరము, మైనము, అట్ట, పొటాసియము క్లోరేటు – అన్నిటి ధరలు పెరిగిన పిమ్మట, ఉత్పత్తిదారులందఱు కూడి 2021 డిసెంబరు 1వ తేదీ నుండి రెండు రూపాయలు చేసిరి. పులిబొమ్మ పెట్టెకును, పూవుబొమ్మ పెట్టెకును అదే రూపాయి, పిదప అవే రెండు రూపాయలు. తరువాత పోటీ ప్రక్కపెట్టె నుండి రాలేదు. విదేశముల నుండి దిగుమతి యగు చవుక లైటరు నుండి వచ్చినది. ఇరువది రూపాయలకు లోబడిన లైటర్ల దిగుమతిని కేంద్రప్రభుత్వము 2023 జూనులో నిషేధించిన పిమ్మటనే ఇచ్చటివారు కొంత ఊపిరి పీల్చుకొనిరి. ఏ వేషమును చేయలేని మేలు ఒక ఉత్తరువు చేసెను. ఈ పరిశ్రమలో కూలి చేసి పిల్లలను చదివించిన తల్లులు మన వీథులలోను కలరు. వారి కూలి చీటీలోని వీరునిపై గాక, పెట్టె ధరపై ఆధారపడి యుండెను.

రెండవ ఉదాహరణము విరుదునగరమునకు చెందినది. అచ్చటి వి. వి. వి. అండ్ సన్స్ వారి నువ్వులనూనె ‘ఇదయం’ అను పేరుతో 1986 నుండి విక్రయింపబడుచున్నది. వారి కుటుంబపు నూనెవర్తకము 1943 నాటిది. ఇదయమనగా మన హృదయమే. చిహ్నమును హృదయాకారమే. పట్టిక ప్రకారము ఇది పోషకుని రూపము: ఇల్లు, ఇల్లాలు, ఆరోగ్యము. పేరు చక్కనిది, నోట నిలుచునది, తమిళులకును మనకును తెలిసినది. అయితే ఆ పేరున కంతటి బలమెచ్చట నుండి వచ్చినది? తమిళులు నువ్వులనూనెను ‘నల్లెణ్ణె’ యందురు. మనవారు ‘మంచినూనె’ యందురు. రెండు భాషలవారును, ఏ సంస్థయు పుట్టకముందే, ఆ నూనెకు మంచిదని పేరు పెట్టిరి. దీపావళినాడు తలంటుకొనుట, బాలెంతకు పెట్టుట, ఊరగాయలలో పోయుట – వేయేండ్ల వాడుక ఆ పేరు వెనుక నున్నది. సంస్థవారు చేసిన తెలివైన పని యేమనగా, ఉన్నదానిని చెఱుపక దానికి ఒక మాట జోడించిరి. పోషకుడు పట్టికలో నుండి దిగి రాలేదు. నూనెకుండలో నుండి పైకి తేలెను. మంచినూనె యను మాటను ఎవరును తమ సొత్తుగా నమోదు చేసికొనలేరు. సరకు గుణమును మాత్రమే తెలుపు మాటను 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము ఏ యొక్కరికిని ధారపోయదు. హృదయమను మాట అట్టిది కాదు గనుక చిహ్నమైనది. ఒక చిన్న మాట మాత్రము చెప్పక తప్పదు. ఆహారపదార్థమునకు హృదయమను పేరు పెట్టిన పిదప, వైద్యునివలె మాటలాడవలెననెడు ఆశ పుట్టుట సహజము. ఆ పొలిమేరను దాటకుండుట ఇట్టి పేరు పెట్టుకొన్న ప్రతివారికిని విధి.

ఇక కోవిల్పట్టి కడలైమిఠాయి. ఆంధ్రదేశమున దీనిని పల్లీచెక్క యనియు, పల్లీపట్టి యనియు పిలుతురు. వేయించి పొట్టుతీసిన వేరుసెనగపప్పును ముదురు బెల్లపుపాకమున కలిపి, పలకపై పఱచి, చల్లాఱకముందే కోయుదురు. ఇందేమి రహస్యము కలదని పొరుగూరివారు అడుగుదురు. కరిసల్ భూమి కాయ, బెల్లము, తామ్రపర్ణి నీరు, పాకము చూచు చేయి – ఇంతే. 2014లో ఇచ్చటి తయారీదారుల సంఘము దరఖాస్తు పెట్టగా, 2020 ఏప్రిల్ 30న భౌగోళిక గుర్తింపు లభించినది. దాని యర్థమేమి? ఆ పేరు ఏ యొక్క అంగడిదియు కాదు. ఊరిది. నిర్ణీతప్రాంతమున నిర్ణీతరీతిని చేయువారు నమోదు చేసికొని వాడుకొనవచ్చును. వేఱొకచోట చేసిన చెక్కకు ఆ పేరు పెట్టరాదు. ఏ వ్యక్తియు దానిని సొంత ట్రేడ్‌మార్కుగా చేసికొనరాదు.

పండ్రెండు మూలరూపములలో ఊరను గడి లేదు. ఈ సిద్ధాంతముపై మా రెండవ ఆక్షేపము ఇది. మొదటిదానికంటె ఇది బలవత్తరము. సరకు ఒక మనిషివంటిదని చెప్పువారు, మనిషికి ఊరు, భాష, ఇంటిపేరు ఉండునని మఱచిరి. వారి వీరుడు ఏ యూరివాడు? వారి ప్రేమికుడు ఏ భాషలో ప్రేమించును? ఎచ్చటనైనను చెల్లవలెనను కోరికచేత, ఎచ్చటి వాడును కాని వానిని తయారు చేసిరి.

మాకు పరిచితమగు నొక తెలుగు కుటుంబపు అన్నదమ్ములిద్దఱు కడలైమిఠాయిని చిన్నచిన్న పొట్లములలో దూరప్రాంతములకు పంపు సంస్థ నారంభించిరి. ఒక సలహాదారు వారికి నలువది పుటల పత్రమును తయారు చేసి యిచ్చెను. లెక్కలు సరిచూచుటకై వారు దానిని మాకు చూపిరి. జీవితమంతయు పత్రములు చదివినవారము గనుక మేము ఓపికతో చదివితిమి. అందు సంస్థ అన్వేషకుడని తీర్మానింపబడినది. కారణమేమనగా, యువకులు కొండలెక్కునప్పుడు ఈ మిఠాయి బలమిచ్చునట. పొట్లముపై మంచుకొండ, మూపున సంచి వేసికొన్న యువకుడు. మా యూరిలో నున్నది కదిరేశన్ కొండ. దానిని ఎక్కువారు సుబ్రహ్మణ్యస్వామిని చూచి దిగివత్తురు, మంచు చూడరు. నవ్వులాట కట్లుండగా, ఆ నలువది పుటలలో కోవిల్పట్టి యను పేరు చిరునామాలో తప్ప మఱెక్కడను లేదు. భౌగోళిక గుర్తింపును గుఱించి ఒక్క పంక్తి లేదు. ఆ పిల్లల అవ్వ ఇంటిలో పాకము పట్టుచు, పాకము ముదిరినదో లేదో తెలుపుటకు తెలుగులో వాడు మాటలు, అవి యే పుస్తకములోను లేనివి, ఎవరును అడుగలేదు, వ్రాయలేదు. పెద్దవాడు మాతో ‘తాతగారూ, మేము అన్వేషకులమా, విదూషకులమా యని మూడు వారములు తగవులాడితిమి’ అని చెప్పెను. ఆ మూడు వారములలో పాకపు తేమ కొలుచు సాధనము కొనవలసిన పని అట్లే నిలిచిపోయినది. వానకాలమున చెక్క మెత్తబడి మూటలు తిరిగివచ్చినవి.

సంస్థ స్వభావము ఎట్లు ఏర్పడునో తెలియుటకు మన వారిలోనే యొక గొప్ప నిదర్శనము కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిరి. అప్పుడది ఒక యువకుని చిన్న ప్రయత్నము. ఈ కాలపు మాటలో చెప్పవలెనన్న స్టార్టప్పే. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరని ప్రతీతి. తలనొప్పి తగ్గినవారు తామే మరల కొనిరి. ఆ రాబడితో 1908లో బొంబాయినుండి ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగను, 1914లో మదరాసునుండి దినపత్రికగను, 1924లో ‘భారతి’ మాసపత్రికయు వెలువడినవి. గ్రంథమాల వెలువడినది. ఉద్యమమునకు ధనము పోయినది. జనులు వారిని దేశోద్ధారకులనిరి, విశ్వదాత యనిరి. పట్టిక పెట్టినచో ‘పోషకుడు’ అని వ్రాయవచ్చును. అయితే పంతులుగారు తాము పోషకుడనని తీర్మానించుకొని వ్యాపారము మొదలిడలేదు. ముందు తైలము, పిదప దానము, ఆ పిదప బిరుదము. బిరుదమనునది ఇతరులు ఇచ్చునది. తనకు తాను తగిలించుకొన్నది బిరుదము కాదు.

ఒకనిని మూసలో పోయుటచే నష్టమేమని అడుగువారికి, మాకు మిక్కిలి దగ్గఱి దృష్టాంతమును చెప్పుదుము. కోవిల్పట్టికి దక్షిణముననున్న కయత్తారులో 1799 అక్టోబరు 16న కుంఫిణీవారు పాంచాలంకుఱిచ్చి పాలెగాడగు కట్టబొమ్మనను ఉరిదీసిరి. ఆయన యింటిభాష తెలుగు. గెట్టిబొమ్ము అను తెలుగుపేరే కట్టబొమ్మనగా మాఱినదని చెప్పుదురు. 1959లో బి. ఆర్. పంతులుగారి దర్శకత్వమున శివాజీగణేశన్ ఆ పాత్రను ధరించిన చిత్రము వెలువడెను. ఆ నటన మహాద్భుతము. మేమును పలుమాఱులు చూచి యానందించితిమి. అది మొదలు జనుల కన్నులకు కట్టబొమ్మనయనిన ఆ మీసము, ఆ గర్జన, ఆ తమిళసంభాషణమే. పరిపూర్ణమగు వీరుని మూస. ఆ మూసలో తెలుగు ఇమడలేదు. బడిలో మన పిల్లలు ‘కట్టబొమ్మన ఇంటిలో తెలుగు మాటలాడెను’ అని చెప్పినచో తోడిపిల్లలు నమ్మరు. ఎవరును ద్వేషముతో దానిని తీసివేయలేదు. వీరునికి భాష అనవసరమని మూస తలంచినది, అంతే. తమిళమును మేము తక్కువ చేయుట లేదు. అది మమ్ము పోషించిన భాష, మా కచేరీభాష. మూస పనిచేయు తీరును మాత్రము చెప్పుచున్నాము.

దీనికి ఎదురుగా మా పొరుగున ఇడైసెవల్ గ్రామపు కి. రాజనారాయణన్ గారిని నిలుపుదుము. తెలుగింటి బిడ్డ, తమిళరచయిత, 2021లో దివంగతులైరి. 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామము’ నవలలో మన పూర్వులు తెలుగుదేశమును విడిచి ఈ కరిసల్ భూమికి వచ్చిన కథను వ్రాసిరి. అందు మహావీరులు లేరు. కొట్టములు, ఎద్దులు, ముసలమ్మలు, ముండ్లకంపలు నరికి భూమి చేసిన కుటుంబములు కలవు. దాని కొనసాగింపగు ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారమును పొందెను. ఒక చిన్న యూరి మాటను ఉన్నదున్నట్లు పట్టుకొన్న వ్రాత దేశమంతట చెల్లినది. ఎచ్చటనైనను చెల్లుటకు ఎచ్చటిదియు కాకుండుట అవసరమని చెప్పు సలహాదారులు ఈ సంగతిని ఆలోచింపవలెను.

విరుదునగరము పేరునకును ఒక ఐతిహ్యము కలదు. పూర్వము ఒక యోధుడు తాను గెలిచిన రాజ్యముల బిరుదపతాకలను కట్టుకొని ఊరూర తిరుగుచు సవాలు చేయుచుండెనట. ఈ యూరివా డొకడు ఆతనిని ఓడించి ఆ పతాకలను నఱకివైచెనట. అందుచే విరుదువెట్టి, పిదప విరుదుపట్టి. 1923లో విరుదునగరమయ్యెను. తమిళపు విరుదు మన బిరుదే. బిరుదపతాకల వానికి ఊరు కట్టిన పేరు, ఆతనిని ఓడించిన దినమునుబట్టి వచ్చినదేగాని, ఆతని పతాకలనుబట్టి వచ్చినది కాదు. ఆ యోధుని పేరెవరికిని జ్ఞాపకము లేదు.

ఆ అన్నదమ్ములు మమ్ము ‘అయినచో పొట్లముపై ఏమి వేయుదుము’ అని అడిగిరి. పట్టికను పూర్తిగా పాఱవేయుడని మేము చెప్పలేదు. అది చెడ్డ అద్దము కాదు. వ్యాపారము మూడేండ్లు నడచిన పిమ్మట, కొన్నవారు తమ సరకును గుఱించి ఇరుగుపొరుగులతో ఏమి చెప్పుకొనుచున్నారో విని, ఆ మాటలను పట్టికతో పోల్చి చూచుకొనవచ్చును. అంతవఱకు ఆ గడి ఖాళీగా నుండుటచే నష్టము లేదు. ఇప్పటికి సంఘముచేత నమోదు చేయించుకొని భౌగోళికచిహ్నమును వేయుడు, ఊరిపేరు పెద్ద అక్షరములతో వేయుడు, చేసిన తేదీ స్పష్టముగా వేయుడు, తూకమునకు నాలుగు గ్రాములు ఎక్కువే పెట్టుడని చెప్పితిమి. చిన్నవాడు తెలుగక్షరములు గూడ వేయవచ్చునా, ఎవరైన నేమనుకొందురో యని సందేహించెను. ఆహారపదార్థముల చీటీల నిబంధనలను తెప్పించి చూచితిమి. వివరములు ఆంగ్లమునగాని, దేవనాగరిలిపిలో హిందీనగాని ఉండవలెను. వానికి తోడు మఱి యే భాషనైనను వాడుటకు అభ్యంతరము లేదు. తమిళమునకు దిగువ తెలుగున ఒక పంక్తి పట్టుటకు అచ్చువాడు అధికమేమియు అడుగలేదు. అవ్వ పాకమునకు వాడు మాటలలో ఏ మాట వేయవలెనో ఇంట ఇంకను చర్చ జరుగుచున్నది.